తిరుపతి నుంచి మెరీనా బీచ్: ఒక్క రోజులో వెళ్ళి రావడం ఎలా

మన వైపు పిల్లలకు సముద్రం అంటే మద్రాసే. 2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాకు కూడా తీరం వచ్చింది, వాకాడు మండలం తూపిలిపాళెం దగ్గర ఇసుక చక్కగానే ఉంటుంది. కానీ సొంత బండి లేకుండా అక్కడికి చేరడం, మధ్యలో తిండి, పిల్లలకు టాయిలెట్ చూసుకోవడం కష్టం. మెరీనాతో ఆ బాధ లేదు. చెన్నై నగరంలోనే ఉంటుంది, సెంట్రల్ స్టేషన్‌లో దిగితే ఐదు రూపాయల రైలు టికెట్‌తో దాని దగ్గరికి పోవచ్చు. ఇసుక మీద అడుగు పెట్టడానికి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. గేటు లేదు, టోకెన్ లేదు, ఆధార్ చూపించే పని లేదు. ప్రతిదానికీ క్యూ ఎక్కడ మొదలవుతుందా అని వెతుక్కునే ఊరివాళ్ళం కాబట్టి ఈ మాట విడిగా చెప్పాల్సి వస్తోంది.

అయితే డబ్బు అడగని చోటు టైము అడుగుతుంది. మిట్టమధ్యాహ్నం చేరి, కాళ్ళు కాల్చుకుని, పిల్లల్ని తిట్టుకుని, 'ఇంతేనా మెరీనా' అంటూ తిరిగొచ్చేవాళ్ళను చాలామందిని చూశాను. అందుకే రైలు టికెట్ కంటే ముందు తేల్చుకోవాల్సింది, ఏ వేళకు నీళ్ళ దగ్గర ఉండాలి అన్నది.

ముందు వేళ తేల్చుకోండి

మెరీనా తూర్పు ముఖంగా ఉంటుంది. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు గానీ సముద్రంలోకి దిగడు. సాయంత్రం మీరు నీళ్ళ వైపు తిరిగి నిలబడితే పొద్దు మీ వీపు వెనక, బిల్డింగుల అవతల గుంకుతుంది. గోవా ఫొటోలు చూసి అలాంటి సూర్యాస్తమయం కోసం వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. దానికి బదులు ఇక్కడ సాయంత్రం చూడగలిగేది ఇంకొకటి ఉంది. పౌర్ణమి రోజు పొద్దు గుంకే వేళకే చంద్రుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు, మొదట ఎర్రగా, కాసేపటికి పసుపుగా. క్యాలెండర్‌లో పౌర్ణమి చూసుకుని, ఆ రోజు గానీ ముందు రోజు గానీ పెట్టుకుంటే ప్రయాణానికి రెట్టింపు ఫలితం. ఒక్కటే షరతు, పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువగా ఉంటుంది. నీళ్ళు మామూలు రోజుల కంటే పైకి వస్తాయి, కాబట్టి చెప్పులు, బ్యాగులు ఇంకాస్త వెనక పెట్టుకోవాలి.

ఎండ పూట ఎందుకు వద్దంటే, రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఉన్న ఇసుక వెడల్పు సగటున 300 మీటర్లు. ఆ దూరమంతా చెట్టు నీడ ఉండదు. అంత ఇసుక మొదటి నుంచీ లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఉత్తరాన హార్బర్ గోడలు కట్టారు. దక్షిణం నుంచి ఒడ్డు వెంబడి కొట్టుకొచ్చే ఇసుక ఆ గోడలకు ఇవతల ఆగిపోయి, ఏటికేడు పేరుకుపోయింది. ఒకప్పుడు సముద్రం ఇప్పటికంటే రోడ్డుకు చాలా దగ్గరగా ఉండేది. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1884లో ఒడ్డున నడక బాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ బాట దగ్గర ఆటో దిగి 'ఏదీ నీళ్ళు' అని అడిగే పిల్లలకు దూరంగా ఒక నీలం గీత చూపించాల్సి వస్తుంది.

ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. 2024 అక్టోబర్ 6న వాయుసేన విమానాల విన్యాసాలు చూడటానికి లక్షల్లో జనం ఇక్కడికే వచ్చారు. ఆ ఎండకూ రద్దీకీ ఐదుగురు చనిపోయారు. అది మే నెల కూడా కాదు.

సాయంత్రానికి పరిస్థితి వేరు. పగలంతా నేల కాగాక సముద్రం మీది చల్లగాలి లోపలికి రావడం మొదలవుతుంది, నాలుగు దాటాక ఒంటికి తెలుస్తుంది. తిరుపతిలో ఏప్రిల్ సాయంత్రం కొండ రాయి వేడి కక్కుతుంటుంది కదా, అదే వేళకు మెరీనాలో చొక్కా రెపరెపలాడుతుంటుంది.

నెలల సంగతికొస్తే జనవరి నుంచి మార్చి దాకా హాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే మానేయండి, సముద్రం ఎక్కడికీ పోదు.

తప్పించుకోవాల్సిన రోజులు కూడా ఉన్నాయి. మన ముక్కనుమ రోజు తమిళులకు కాణుం పొంగల్. ఆ రోజు కుటుంబాలు కుటుంబాలే బీచ్‌కి వస్తాయి. పిల్లలు తప్పిపోతారని పోలీసులే వాళ్ళ చేతికి ఫోన్ నంబర్ రాసిన పట్టీలు కడతారు, నీళ్ళ దగ్గరికి పోకుండా అడ్డం కడతారు. సంక్రాంతి సెలవులు కదా అని ఆ రోజే పెట్టుకున్నారంటే మీకు సముద్రం కాదు, జనసముద్రం కనిపిస్తుంది. డిసెంబర్ 31 రాత్రి బీచ్ మూసేస్తారు. జనవరి 26న రిపబ్లిక్ డే పరేడ్ బీచ్ పక్కనున్న కామరాజర్ సాలై మీదే జరుగుతుంది, కాబట్టి ఆ రోజు పొద్దున, అంతకుముందు రిహార్సల్ రోజుల్లో కూడా ఆ రోడ్డులో బండ్లను మళ్ళిస్తారు. మామూలు ఆదివారం సాయంత్రం కూడా తిరునాళ్ళే. వీలైతే వారం మధ్యలో సెలవు పెట్టుకోండి.

రైలా, బస్సా

తిరుపతి నుంచి చెన్నై దాదాపు 140 కిలోమీటర్లు. నా ఓటు పోయేటప్పుడు రైలుకు, వచ్చేటప్పుడు బస్సుకు.

ఎందుకంటే పొద్దున్నే తిరుపతిలో బయల్దేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా పది గంటల ప్రాంతంలో సెంట్రల్‌కు చేరుస్తుంది. పోయేదారిలో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా తిరుగు రైలుతోనే. అదే గరుడాద్రి సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో సెంట్రల్ వదిలేస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే సరిగ్గా గాలి మొదలయ్యే వేళకు ఇసుక దులుపుకుని లేవాలి. మధ్యాహ్నం పూట తిరుపతికి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి రావాలంటే ఇంకా ముందే స్టేషన్‌లో ఉండాలి. రానూపోనూ రెండూ రైలే అని ముందే రిజర్వేషన్ చేయించుకుంటే మెరీనాలో మీకు మిగిలేది ఎండే. రైళ్ళ టైములు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసుకునే ముందు మరోసారి చూసుకోండి.

సూర్యోదయం కావాలనుకునేవాళ్ళకు లెక్క తిరగబడుతుంది. సాయంత్రం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, రాత్రి మెరీనా పక్కనున్న ట్రిప్లికేన్ (తిరువల్లికేణి)లో గానీ సెంట్రల్ చుట్టుపక్కల గానీ గది తీసుకుని, తెల్లవారుజామున ఐదింటికి లేచి నడిచి వెళ్ళాలి. అప్పుడు ఆ మధ్యాహ్నం రైలు తిరుగు ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది. గది ఖర్చు ఉంటుంది గానీ, పొద్దున పూట మెరీనా సాయంత్రం కంటే శుభ్రంగా, నిమ్మళంగా ఉంటుంది. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు తప్ప బేరగాళ్ళు ఉండరు.

బస్సులో వెళ్ళేవాళ్ళకు పుత్తూరు, పిచ్చాటూరు, నాగలాపురం, ఊత్తుకోట దారి ఒకటి, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు దారి ఒకటి. ఊత్తుకోట దారిలో పోతే సురుటుపల్లి వస్తుంది, శివుడు పడుకుని దర్శనమిచ్చే గుడి అక్కడే. చెన్నైకి తాగునీళ్ళు మోసే తెలుగుగంగ కాలువ తమిళనాడులోకి దిగేదీ ఆ ఊత్తుకోట దగ్గరే. నాలుగు గంటలు వేసుకోండి. ఆడవాళ్ళకు ఒక మాట: స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఇచ్చే ఉచిత ప్రయాణం మన రాష్ట్రం లోపలే. చెన్నై బస్సులో ఆధార్ తీసి చూపిస్తే కండక్టర్ నవ్వి టికెట్ కొడతాడు.

చిత్తూరు వాళ్ళకు తిరుపతి రావడం చుట్టు. కాట్పాడి దగ్గరే, అక్కడి నుంచి సెంట్రల్‌కు రోజంతా రైళ్ళు ఉంటాయి. సాయంత్రం పూట తిరిగి రావడానికి కూడా వాళ్ళకే సుఖం.

సెంట్రల్‌లో దిగాక

ఇక్కడ కొత్తవాళ్ళు పడే బోల్తా ఒకటుంది. స్టేషన్ బోర్డుల మీద, యాప్‌లలో 'చెన్నై బీచ్' అని కనిపిస్తుంది. అది మెరీనా కాదు. హార్బర్ పక్కన, ప్యారీస్ కార్నర్ దగ్గరున్న స్టేషన్. అక్కడ దిగితే కస్టమ్స్ ఆఫీసులు, లారీలు కనిపిస్తాయి గానీ ఇసుక కనిపించదు. మీకు కావాల్సిన రైలు దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కులో పోతుంది.

చేయాల్సింది ఇది. సెంట్రల్ నుంచి బయటికి వచ్చి, రోడ్డు కిందుగా ఉన్న సబ్‌వేలో అవతలికి దాటి, జనరల్ హాస్పిటల్ పక్కనున్న పార్క్ టౌన్ స్టేషన్‌కు నడవండి. పార్క్ టౌన్ వేరు, పార్క్ వేరు. పార్క్ అనేది తాంబరం లోకల్ రైళ్ళది. పార్క్ టౌన్‌లో వేళచ్చేరి వైపు పోయే రైలు ఎక్కాలి. టికెట్ ఐదు రూపాయలు. ప్లాట్‌ఫారం మీద అనుమానం వస్తే 'వేళచ్చేరియా?' అని పక్కవాళ్ళను అడగండి, ఒక్క మాట చాలు. ఆ రైలు చింతాద్రిపేట దాటి చేపాక్, తిరువల్లికేణి, లైట్‌హౌస్ అని వరసగా మూడు స్టేషన్లలో ఆగుతుంది. మూడింట్లో ఎక్కడ దిగినా తూర్పు వైపు నడిస్తే సముద్రమే, సుమారు కిలోమీటరు. స్టేషన్ కింద నల్లగా కనిపించే కాలువ బకింగ్‌హామ్ కాలువ. నెల్లూరు తీరం, పులికాట్ పక్కగా వచ్చేది అదే. ఇక్కడికి వచ్చేసరికి దాని బతుకు అలా అయింది.

ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉంటే రైలు పంతం వద్దు. ఆ స్టేషన్లు ఎత్తు మీద ఉంటాయి, మెట్లు చాలా ఎక్కి దిగాలి. సెంట్రల్ నుంచి మెరీనా నాలుగు కిలోమీటర్లే కాబట్టి యాప్‌లో ఆటో బుక్ చేసుకుంటే సరిపోతుంది. యాప్‌లో గానీ, తిరుగు టికెట్లలో గానీ సెంట్రల్ పేరు 'ఎంజీఆర్ చెన్నై సెంట్రల్' అని ఉంటుంది, కంగారు పడకండి. సిటీ బస్సు ఎక్కేవాళ్ళకు, ముందూ వెనకా పింక్ రంగు వేసిన సాధారణ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బు తీసుకోరు.

బట్టల బ్యాగులు బరువుగా ఉంటే సెంట్రల్‌లో క్లోక్ రూమ్ ఉంది. బ్యాగుకు తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. అయితే రాత్రికి బస్సులో వెళ్ళేవాళ్ళు ఆ బ్యాగు కోసం మళ్ళీ సెంట్రల్‌కు రావాలి. అందుకే భుజానికి తగిలించుకునే ఒక్క బ్యాగుతో సరిపెట్టుకోవడం మేలు.

పది నుంచి నాలుగు దాకా ఏం చేయాలి

రైలు పదింటికి దింపితే బీచ్ టైము నాలుగున్నరకు. మధ్యలో ఆరు గంటలు. చాలామంది ఈ ఖాళీని భరించలేక నేరుగా ఇసుక మీదికి పోయి రోజు పాడు చేసుకుంటారు.

ఎగ్మూరు మ్యూజియానికి పొండి. 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం అది, సెంట్రల్ నుంచి ఆటోలో కాసేపటి దారి. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో చిన్న టికెట్. అమరావతి స్తూపం నుంచి తెచ్చిన సున్నపురాతి శిల్పాలు అక్కడే ఉన్నాయి. మన పాత గుంటూరు జిల్లాలో తవ్వినవి మద్రాసులో చూడాల్సి రావడం ఒక రకంగా మనసుకు గుచ్చుకుంటుంది, కానీ చూడకుండా రావద్దు. రాయి మీద తామరపువ్వు రేకుల్ని దగ్గరగా వెళ్ళి చూడండి. పిల్లలకు బోరు కొడితే అదే ఆవరణలో పెద్ద తిమింగలం అస్థిపంజరం ఉంది, వాళ్ళు దాని దగ్గర ఆగిపోతారు.

భోజనం అయ్యాక నాలుగింటికల్లా ట్రిప్లికేన్ పార్థసారథి గుడికి చేరండి. మధ్యాహ్నం మూసిన గుడి ఆ వేళకు తెరుస్తారు. 108 దివ్యదేశాల్లో ఇదొకటి. మూలవిరాట్టుకు మీసాలు ఉంటాయి, పేరు వేంకటకృష్ణుడు. మన కొండకూ ఈ గుడికీ స్థలపురాణంలో చుట్టరికం ఉంది. సుమతి అనే రాజు తిరుమల శ్రీనివాసుణ్ణి, అర్జునుడి సారథిగా నిన్ను చూడాలని వేడుకుంటే, ఇక్కడికి వెళ్ళమని స్వామే చెప్పాడట. ఉత్సవమూర్తి ముఖం మీద మచ్చలు భీష్ముడి బాణాల గుర్తులని చెబుతారు. ప్రసాదం చక్కెర పొంగలి దొరికితే వదలకండి. గుడి ముందు నుంచి తూర్పుగా నడిస్తే బీచ్ రోడ్డు వచ్చేస్తుంది.

ఏ చివరకు పోవాలి

మెరీనా ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు ఆరు కిలోమీటర్లు. అంతా తిరగలేరు. ఒక చివర ఎంచుకోండి.

ఉత్తరం కొసన అన్నాదురై, ఎంజీఆర్, జయలలిత, కరుణానిధి సమాధులు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఎంజీఆర్ సమాధి చూడాలని ఉంటుంది. దానికి చెవి ఆనించి వాచీ చప్పుడు వినిపిస్తోందని చెప్పుకునే జనం ఇప్పటికీ ఉన్నారు. ఆ పక్కనే నలుగురు మనుషులు బండరాయిని కదుపుతున్న శ్రామిక విజయ విగ్రహం ఉంది, దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలిచినది. జనం, బండ్లు, అంగళ్ళు ఈ వైపే ఎక్కువ.

దక్షిణం వైపు లైట్‌హౌస్. 1977 నుంచి పనిచేస్తోంది, లిఫ్టు ఉంది, చిన్న టికెట్‌తో పైకి పంపుతారు. సోమవారం సెలవు, సాయంత్రం ఐదుకల్లా ఆపేస్తారు. పై నుంచి చూస్తేనే ఆ ఇసుక ఎంత వెడల్పో అర్థమవుతుంది. పొద్దున్నే ఈ చివరకు వస్తే నొచ్చికుప్పం జాలర్లు పడవలు ఒడ్డుకు లాగడం, వలల్లోంచి చేపలు విడదీయడం చూడొచ్చు.

నడుమ భాగంలో వివేకానంద ఇల్లం ఉంది. గుండ్రటి ముందు భాగమున్న ఆ భవనం ఒకప్పుడు ఐస్ హౌస్, అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన మంచుగడ్డలు దాచిన చోటు. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు. దానికి ఎదురుగా ఇసుక మీద 263 మీటర్ల చెక్క దారి వేశారు, చక్రాల కుర్చీలు నీళ్ళ దగ్గరి దాకా వెళ్ళేలా. 2022 నవంబర్‌లో తెరిస్తే రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుఫాను విరగ్గొట్టింది, తర్వాత బాగుచేశారు. మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ, తాతయ్య మీతో ఉంటే ఇంకో ఆలోచన లేకుండా ఆటోను ఇక్కడికే చెప్పండి. మెత్తటి ఇసుకలో 300 మీటర్లు నడవడం వాళ్ళకు శిక్ష.

ఇసుకలోకి దిగే ముందు రోడ్డు పక్కనే టాయిలెట్ పని చూసుకోండి. నీళ్ళ దగ్గర కూర్చున్నాక పిల్లవాడు అడిగితే మళ్ళీ అంత దూరం రావాలి.

నీళ్ళ దగ్గర

మెరీనాలో స్నానం నిషేధం. ఈత కూడా. బోర్డులు ఉంటాయి, పోలీసులు విజిల్ వేస్తూ తిరుగుతుంటారు. అయినా మన వాళ్ళకు నీళ్ళు కనిపిస్తే మూడు మునకలు వేయాలనిపిస్తుంది. కోనేరు, కపిలతీర్థం అలవాటు. మాఘ పౌర్ణమి సముద్రస్నానం పుణ్యమని ఇంట్లో పెద్దలు చెప్పి పంపుతారు కూడా. పుణ్యం కావాలంటే దోసిట్లో నీళ్ళు తీసి నెత్తిన చల్లుకోండి, చాలు. మునగడానికి ఇది చోటు కాదు.

ఎందుకో చెబుతాను. ఇక్కడ అలలు దూరంలో విరిగి మెల్లగా పాకుతూ రావు, ఒడ్డుకు దగ్గర్లోనే లేచి పడతాయి. అడుగు కూడా వాలుగా ఉండి, నాలుగు అడుగులు ముందుకు వేసేసరికి లోతు మారిపోతుంది. పైన కనిపించే అల ఒడ్డుకు వస్తుంటే, వచ్చిన నీళ్ళు కిందుగా వెనక్కి లాగుతుంటాయి. కొన్నిచోట్ల ఆ లాగుడు ఒక పాయలా గట్టిగా ఉంటుంది. అది పైకి నెమ్మదిగా, అలలు లేని చోటులా కనిపిస్తుంది, ఈత రానివాళ్ళు అదే మంచి చోటనుకుంటారు. బావిలో, చెరువులో ఈత నేర్చినవాళ్ళు కూడా దీని ముందు లెక్కలోకి రారు.

పిక్కల దాకా తడిస్తే చాలనుకోండి. తడి ఇసుక మీద, నీళ్ళు వచ్చి పోయే అంచున నిలబడండి. అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారుతుంది, వేళ్ళ మధ్య నుంచి చల్లగా పోతుంది, పాదం చుట్టూ చిన్న గుంట పడి మనిషి కొద్దిగా వెనక్కి ఊగుతాడు. నాలుగైదు అలలకు చీలమండలు కూరుకుపోతాయి. మొదటిసారి చూసే పిల్లలకు ఆ జారుడు చాలు, గంట సేపు అరుస్తూనే ఉంటారు.

పిల్లల్ని పట్టుకునేటప్పుడు వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకోండి. తడి చేతుల్లోంచి వేళ్ళు ఇట్టే జారిపోతాయి. ఒక పెద్దమనిషికి ఇద్దరు పిల్లలకు మించి వద్దు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ దిగొద్దు. చెప్పు కొట్టుకుపోతే పోనీయండి, బంతి పోతే పోనీయండి, దాని వెనక పరుగెత్తినవాళ్ళే ఎక్కువగా ప్రమాదంలో పడేది. ఒకవేళ ఎవరైనా లాగుడులో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు. తేలుతూ, చెయ్యి పైకెత్తి కేకలు వేస్తూ, ఒడ్డుకు పక్కవాటుగా కదలాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు దూకకుండా పోలీసుల్ని, జాలర్లను పిలవాలి. 112, 108 నంబర్లు తమిళనాడులోనూ పనిచేస్తాయి.

ఇంకొకటి, పిల్లల ముంజేతి మీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాయండి. అంత ఇసుకలో అన్ని బండ్లూ ఒకేలా ఉంటాయి, పిల్లలు తేలిగ్గా దారి తప్పుతారు. కలుసుకోవాల్సిన చోటుగా ఏదో విగ్రహం పేరు ముందే అనుకోండి. 'బజ్జీల బండి దగ్గర' అనుకున్నారంటే అక్కడ వందల బజ్జీల బండ్లు ఉంటాయి.

తిండి, బేరాలు

సముద్రం ఒడ్డున తినాల్సింది సుండల్. తేంగా మాంగా పట్టాణి సుండల్ అని కేకేస్తూ స్టీలు పాత్రతో తిరుగుతుంటారు. మన గుగ్గిళ్ళకు అన్నదమ్ములే, శనగలకు బదులు తెల్ల బఠాణీ. వేడి బఠాణీ మీద కొబ్బరి ముక్కలు, పచ్చిమామిడి తురుము, కాస్త కారం వేసి కాగితం పొట్లంలో పోసి, చెంచాకు బదులు చిన్న అట్టముక్క గుచ్చి ఇస్తారు. గాలికి కొబ్బరి ఎగిరిపోకుండా పొట్లాన్ని చేతిలో దాచుకుని తినాలి. తర్వాత మిరపకాయ బజ్జీ, కాల్చిన మొక్కజొన్న. వేయించిన చేపల బండ్ల దగ్గర ముందే కారం పట్టించి పరిచి ఉంచుతారు, మీ ముందు నూనెలో వేసినదే తీసుకోండి, ముక్క ధర వేయకముందే అడగండి.

గుర్రం సవారీకి కూడా అంతే. 'ఎవ్వళవు?' (ఎంత?) అని అడిగితే సరిపోదు, ఎక్కడి దాకా తీసుకెళ్ళి ఎక్కడ దించుతారో చేత్తో చూపించమని అడగాలి. లేకపోతే ఇరవై అడుగుల్లో సవారీ అయిపోతుంది. ఫొటో అప్పటికప్పుడు తీసి ఇస్తామనేవాళ్ళు ఒకటికి ఒప్పుకుంటే ఆరు తీస్తారు, ఎన్ని కావాలో ముందే చెప్పండి. చెయ్యి చూస్తామనేవాళ్ళకు, చిలక జోస్యం వాళ్ళకు ఇష్టముంటే కూర్చోండి, లేదంటే ఆగకుండా నడవండి. భాష గురించి టెన్షన్ వద్దు. చిత్తూరు వాళ్ళకు తమిళం ఎలాగూ వచ్చు, తిరుపతి వాళ్ళు తెలుగులో అడిగినా సగం మంది బేరగాళ్ళకు అర్థమవుతుంది. అన్నా, అక్కా రెండు భాషల్లోనూ నడుస్తాయి.

ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే గాలి ఎదురుగా విప్పకండి, ప్రతి ముద్దలో ఇసుక పడుతుంది. చెత్త వేయడానికి ఒక సంచి మీ దగ్గరే పెట్టుకోండి.

తిరుగు ప్రయాణం

ఏడున్నరకు లేవండి. అంతకంటే ఆలస్యమైతే ట్రాఫిక్‌లో, చీకట్లో ఇబ్బంది. రాత్రి పొద్దుపోయాక పోలీసులే అందరినీ పంపించేస్తారు. ఆ వేళకు చేపాక్, తిరువల్లికేణి స్టేషన్లు బోసిగా ఉంటాయి, ఆడవాళ్ళు ఒంటరిగా ఉంటే రోడ్డు మీద నుంచే ఆటో మాట్లాడుకోవడం మంచిది.

కాళ్ళు అప్పుడే కడగొద్దు. తడి కాళ్ళకు ఇసుక ఇంకా అంటుకుంటుంది. రోడ్డు దాకా నడిచేలోపు ఆరిపోతుంది, అప్పుడు పొడి తువ్వాలుతో దులిపితే రాలిపోతుంది. పిల్లల కాలి వేళ్ళ సందుల్లో కాస్త పౌడర్ చల్లితే మిగిలింది కూడా పోతుంది. ఒక జత పొడి బట్టలు విడిగా కవర్లో ఉంచుకోండి, పిక్కల దాకే అని ఎంత చెప్పినా పిల్లలు నడుము దాకా తడుస్తారు.

ఆంధ్ర వైపు బస్సులకు మాధవరం టెర్మినల్ ఉంది. మెరీనా నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో ముప్పావు గంటకు పైనే పెట్టుకోండి. ఆర్టీసీ యాప్‌లో ముందే సీటు తీసుకుంటే ఎక్కాల్సిన చోటు టికెట్ మీదే ఉంటుంది, ఆటో డ్రైవర్‌కు అదే చూపించండి. కొన్ని కోయంబేడు నుంచి అని ఉండొచ్చు, రెండూ వేరువేరు మూలలు. ఎనిమిదిన్నర, తొమ్మిది బస్సు దొరికితే అర్ధరాత్రి దాటాక తిరుపతి బస్టాండులో ఉంటారు. పొద్దున బండి రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో పెట్టి వెళ్ళినవాళ్ళు అక్కడికి నడవాలి, దూరమేమీ లేదు. కాట్పాడి దిగే చిత్తూరు వాళ్ళు మాత్రం రాత్రి చిత్తూరు బస్సులు ఎప్పటిదాకా ఉంటాయో పొద్దున దిగినప్పుడే బస్టాండులో అడిగి పెట్టుకోండి.